ముప్ఫై కాళ్ళ మనిషి

తొమ్మిది రోజులపాటు నేను లేతోవా పెదనాన్న గురించి ఆసుపత్రంతా గొప్పలు చెప్పుకుంటూ తిరిగాను. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. ఈ కథలో అందరికన్నా ముందు పప్పులో కాలేసింది నేనే.

నా పేరు లూపే. ఇరవై ఆరేళ్ళు ఆపరేషన్ వార్డులో నర్సుగా చేసి, కిందటేడు పరిశోధన పనికి మారాను. పరిశోధన అంటే గాజు గొట్టాలూ బుడగలూ ఏమీ ఉండవు. పేగులో క్యాన్సర్ గడ్డతో ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ళను చీటీలు వేసి రెండు గుంపులు చేస్తాం. ఒక గుంపు మామూలుగా ఇంట్లో ఉండి, చెప్పిన రోజుకి వస్తుంది. రెండో గుంపు నాలుగు వారాలు ఒంటిని సిద్ధం చేసుకుంటుంది. రోజూ అరగంట, మాట్లాడితే ఆయాసం వచ్చేంత వేగంగా నడవాలి. ఊపిరితిత్తుల బలానికి ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి గాలి పీల్చాలి. చేపా గుడ్డూ ఎక్కువ తినాలి. కోత తర్వాత ఎవరు తొందరగా కోలుకుంటారో రాసిపెట్టడమే నా ఉద్యోగం. జవాబు మాకింకా తెలియదు. తెలిస్తే చీటీలెందుకు?

లేతోవా నాకు వరసకు పెదనాన్న. ఫాగాసినా ఊరికి ఆయనే వక్త. మా సమోవాలో వక్త అంటే ఊరి నోరు. పెళ్ళయినా చావయినా, పక్క ఊరితో తగువయినా, చేతికర్ర నేలకానించి, పీచు చామరం భుజాన వేసుకుని ఊరందరి తరఫునా మాట్లాడేది ఆయనే. అరవై ఎనిమిదేళ్ళు. మనిషి భారీ. నాలుగు నెలలు రక్తం పోతున్నా ఎవరికీ చెప్పకుండా దాచి, చివరికి పెద్దమ్మ సీయా పోరు పడలేక ఆసుపత్రికొచ్చాడు.

ఆయన గడ్డ బాగా కిందుంది. అలాంటివి తీసే బృందం న్యూజిలాండ్ నుంచి ఏడాదికి రెండుసార్లు వచ్చి, వారం రోజులుండి వెళ్ళిపోతుంది. ఈసారి వచ్చేది నాలుగు వారాల్లో. తప్పితే మళ్ళీ ఆర్నెల్లకి, అంతవరకూ ఆ గడ్డ ఆగదు. మత్తు ఇచ్చే డాక్టర్ మెరెయానా, మా పరిశోధనకు కూడా ఆవిడే పెద్ద, ఆయన్ని ఆరు నిమిషాలు నడిపించి చూసింది. రెండువందల ఎనభై ఎనిమిది మీటర్లు నడిచి గోడ పట్టుకున్నాడు. మూడువందల యాభై నడవలేకపోతే తాను మత్తివ్వనని, ఇస్తే ఆ ఊపిరితిత్తులు తిరిగి లేవవేమోనని ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. అదృష్టం కొద్దీ చీటీలో నడక గుంపే వచ్చింది. అడుగులూ గుండె కొట్టుకునే వేగమూ లెక్కపెట్టే గడియారం నేనే ఆయన ముంజేతికి కట్టాను.

ఆ గడియారం లెక్కలు రోజూ పొద్దున్నే నా కంప్యూటర్‌లోకి వస్తాయి. మొదటి రోజు రెండువేల అడుగులు. మూడో రోజు పదకొండు వేలు. ఆరో రోజు పద్దెనిమిది వేలు. నెత్తిన పాలు పోసినట్టయింది నాకు. మా వంశంలో మనుషులు ఎలాంటివాళ్ళో చూడండని మెరెయానాకు ఉత్తరం కూడా రాశాను. పదో రోజు శుక్రవారం, మధ్యలో చేసే పరీక్షకు ఆయన వచ్చాడు. ఆరు నిమిషాల్లో రెండువందల తొంభై ఒకటి నడిచాడు. అంటే పెరిగింది మూడు మీటర్లు. ఆయన నా కళ్ళలోకి చూడలేదు. అప్పుడు నేను చేయాల్సిన పని చేశాను. మొత్తాలు కాదు, నిమిషం నిమిషం లెక్క తీసి చూశాను. సాయంత్రం నాలుగింటికి మా పెదనాన్న గుండె నిమిషానికి నూట డెబ్భై కొట్టుకుంటూ గంటంబావు సేపు పరిగెత్తింది. అరవై ఎనిమిదేళ్ళ వక్త రగ్బీ ఆడితే తప్ప అలాంటి లెక్క రాదు.

మర్నాడు పొద్దున బస్సెక్కి ఫాగాసినా వెళ్ళాను. ఊరి మొదట్లో మైదానంలో ముప్ఫై అయిదు దాటినవాళ్ళ జట్టు రగ్బీ ఆడుతోంది. గడియారం మా తవీతా చేతికుంది. తవీతా లేతోవాకు మేనల్లుడు, ఎద్దంత మనిషి. దాచుకుంటాడనుకున్నాను. పరిగెత్తుకొచ్చి చెయ్యి చాచి చూపించాడు.

"అక్కా, ఇంకా తొమ్మిదైనా కాలేదు, ఏడు వేలు దాటించేశా. ఈ పూట నా వంతులే. మధ్యాహ్నం సీయా పెద్దత్త కట్టుకుంటుంది, కొండ మీద చేమదుంపలకి వెళ్తున్నారు."

ఇంటికి తీసుకెళ్ళి స్తంభానికి తగిలించిన అట్టముక్క చూపించాడు. బిస్కట్ల పెట్టె చించి, దాని మీద పదిహేను పేర్లు, పక్కన వేళలు, పైన ఒక ప్రార్థన వాక్యం. ఆదివారం మాత్రం ఖాళీ, దేవుడి రోజున పని చేయకూడదు కనక. అంత శ్రద్ధగా నా పరిశోధన కాగితాలు నేను కూడా ఎప్పుడూ నింపలేదు.

లేతోవా ఇంటిపెద్ద కూర్చునే స్తంభానికి ఆనుకుని కోకో తాగుతున్నాడు. పెద్దవాళ్ళ ముందు నిలబడి మాట్లాడకూడదు. కాబట్టి నా కోపాన్ని ముందు కూర్చోబెట్టి, నడుముకు చుట్టుకున్న లావాలావా సర్దుకుని, మర్యాద మాటలన్నీ అప్పజెప్పి, ఆ తర్వాత ఇదేం మోసమని అడిగాను.

"మోసమేంటే అమ్మాయ్?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నా పేరు మీద చాపలు నేస్తోంది మీ పెద్దమ్మ. నా పేరు మీద పందిని కాల్చి చర్చికి మోసుకెళ్తోంది తవీతా. లేతోవా ఇచ్చాడనే అంటారు గానీ అబద్ధమని ఎవరైనా అన్నారా? నడక ఒక్కదానికీ వేరే న్యాయమా? నాకు ముప్ఫై కాళ్ళున్నాయి."

మా పద్ధతి ప్రకారం ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఇంటిపెద్ద బరువును ఇంటివాళ్ళు మోస్తారు, పేరు ఆయనది, ఆ సేవ చేసినవాడే రేపు పెద్దవుతాడు. నేనూ అలాగే పెరిగాను. ఆ ముప్ఫై కాళ్ళలో ఒక్కటీ ఆయన్ని మోసగించాలని కదల్లేదు. అందరూ ఆయన్ని బతికించుకుంటున్నామనే నడిచారు. తవీతా బొటనవేలు పగిలి రక్తం కారుతోంది, అయినా వంతు మానలేదు.

"కత్తి దిగేది ఒక్క కడుపులోనే పెదనాన్నా," అన్నాను. "కాళ్ళు ముప్ఫై ఉన్నా ఊపిరితిత్తులు రెండే. అవి మీవి. మీకు జ్వరమొస్తే తవీతా మాత్ర మింగితే తగ్గుతుందా?"

"మింగమంటే మింగుతాను," అన్నాడు తవీతా వెనకనుంచి. వాడు వేళాకోళానికి అనలేదు.

లేతోవా చెయ్యి ఊపి అందర్నీ అవతలకి పంపేశాడు. కోకో అడుగంటా తాగాడు. అప్పుడు మొదటి రోజు సంగతి చెప్పాడు. నేను చెప్పినట్టే వంతెన దాకా నడుద్దామని బయల్దేరాడట. ఇల్లు దాటగానే పాస్టరుగారి బండి ఆగింది. ఊరి వక్త ఎండలో నడుస్తుంటే ఆగకుండా పోతే వాళ్ళకి తప్పు, ఎక్కకపోతే ఈయనకి తప్పు. ఎక్కాడు, వంతెన దగ్గర దిగాడు. తిరిగొస్తుంటే బస్సు ఆగింది. మర్నాడు కూడా అంతే. రెండు రోజుల్లో ఏడు బళ్ళట, అందులో ఒకటి ఐసు మోసే లారీ. మూడోనాడు ఎవరో ఇల్లాలు గొడుగిచ్చి తన కూతుర్ని వెంట పంపింది, పాపం ఆయనింట్లో పనికి వెళ్ళేవాళ్ళు లేరేమోనని. ఆ రోజే గడియారం ఇంటివాళ్ళ చేతికి మారిందట.

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక ఆగిపోయింది.

"కడుపులో పుండని చెప్పానే ఊళ్ళో," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకోటని చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఈ ఊరి తరఫున మాట్లాడుతున్నా. ఎవడి చావుకైనా నాకు మాట తడుముకోవాల్సిన పని పడలేదు. ఈ ఒక్క మాట మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కిపోతోంది."

ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ ఉందో అప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటాం, గడ్డ తన పని తాను చేసుకుపోతుంది. పద్దెనిమిది రోజులున్నాయి. సోమవారం పెద్దల సభ ఉంది కదా, అక్కడ చెప్పేయండి, మిగతాది ఊరు చూసుకుంటుంది అన్నాను. నేను లేచేముందు ఆయన తవీతాను పిలిచి, గడియారం విప్పించి, తన చేతికి తానే కట్టుకున్నాడు. పట్టీ బిగించడానికి రెండుసార్లు తంటాలు పడ్డాడు. తవీతా సాయానికి వంగబోతే కసిరాడు.

ఆ సాయంత్రమే మెరెయానాకు మరో ఉత్తరం రాశాను. నా జీవితంలో రాసిన వాటిలో అది అన్నిటికన్నా కష్టమైన ఉత్తరం. మొదటి రెండు రోజులు తప్ప తొమ్మిది రోజుల లెక్క ఆయనది కాదని, పదిహేనుమందిదని, నిమిషాల లెక్క ముందే చూడకపోవడం నా తప్పని రాశాను. ఆయన్ని పరిశోధనలోంచి తీసేస్తారేమో, తీసేస్తే ఆ బాధ్యత కూడా లేదని ఆయన నడక మానేస్తాడేమో అని నా భయం. తలకొట్టేసినట్టుగా ఉంది. ఆదివారం చర్చిలో పాట కూడా సరిగ్గా పాడలేదు.

జవాబు సోమవారం పొద్దున వచ్చింది. ఎవరినీ తీసేయరట. చీటీ ఏ గుంపులో పడేసిందో, నడిచినా నడవకపోయినా, మనిషి చివరిదాకా ఆ గుంపులోనే లెక్క. బాగా చేసినవాళ్ళనే ఉంచుకుని మిగతావాళ్ళను వదిలేస్తే ఆ లెక్క మనల్ని మనం మోసగించుకోవడానికే పనికొస్తుంది, జరిగింది జరిగినట్టు రాయి అంది. కింద ఇంకో ముక్క రాసింది. "నీ కాగితంలో ఒక గడి తక్కువైంది లూపే. ఎవరు నడిచారు అని అడగాలని మా ఎవరికీ తట్టలేదు." ఆ గడి ఆరోజే చేర్చాను.

మధ్యాహ్నం మళ్ళీ బస్సెక్కి ఫాగాసినా వెళ్ళాను. సభలోకి నాకు ప్రవేశం లేదు. కానీ మా ఇళ్ళకు గోడలుండవు. ఎదురుగా ఆడవాళ్ళ సంఘం చావడిలో కూర్చుని చాపకు అంచు కుడుతున్నట్టు నటించాను. పక్కన పెద్దమ్మ సీయాకు సూదిలో దారం ఎక్కించడానికే అరగంట పట్టింది. లేతోవా ఎప్పటిలాగే ఊరి బిరుదులన్నీ పేరుపేరునా స్మరించాడు, పూర్వుల ప్రయాణాలు తలిచాడు, వానకీ సముద్రానికీ దండం పెట్టాడు. నాకు ఓపిక నశించింది. ఇక దాటేస్తాడనుకుంటుండగా ఆగాడు.

"నా పేగులో క్యాన్సర్ ఉంది," అన్నాడు. "రక్తం పోతోంది. నేను నడిస్తేనే కోస్తారు. కోస్తేనే బతుకుతాను. నన్ను నడవనివ్వండి."

ముందు వంద మాటలు చెప్పిన మనిషి అసలు సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. సీయా పెద్దమ్మ సూది పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. తర్వాత పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మెల్లగా మాట్లాడి తీర్మానం చేశారు. సాయంత్రం ఐదింటినుంచి ప్రార్థన గంట దాకా లేతోవాను ఏ బండీ ఎక్కించుకోకూడదు, గొడుగు పట్టకూడదు, కుర్చీ వేయకూడదు. తప్పితే రెండు పెట్టెల డబ్బా చేపలు జరిమానా. లేతోవా తన మీద తానే ఇంకోటి వేసుకున్నాడు. గడియారం ఇంకెవరి చేతికైనా కనిపిస్తే తనింటి పెద్దపంది ఊరికి. అందరికన్నా ముసలాయన చివర్లో, నడుస్తూ ప్రసంగించకూడదని కూడా రాయండర్రా, లేకపోతే వంతెన చేరేసరికి తెల్లారుతుంది అన్నాడు. అప్పుడు నవ్వారు. లేతోవా కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం ఆరువందల మీటర్లకే మూడుసార్లు ఆగాడు. ఊరు ఊరంతా ఇళ్ళలో కూర్చుని చూస్తోంది, ఒక్కరూ లేవలేదు. మా వాళ్ళకు అంతకన్నా కష్టమైన పని లేదు. పెద్దవాడు ఎండలో రొప్పుతుంటే కూర్చుని చూడటం అంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టే. తవీతా అయితే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. రెండోరోజు పాస్టరుగారు అలవాటు కొద్దీ బండి ఆపి జరిమానా కట్టారు. నాలుగోరోజు వాన. ఐదోరోజు వంతెన ఇక యాభై మీటర్లుందనగా ప్రార్థన గంట మోగింది. గంట మోగాక ఊళ్ళో ఎవరూ రోడ్డు మీద నడవకూడదు, ఆ కట్టుబాటు ఆయన నోటితోనే వందసార్లు చెప్పాడు. ఉన్నచోటే రాయి మీద కూర్చుని, ప్రార్థన అయ్యేదాకా వంతెన వైపు కోపంగా చూశాడట. మర్నాడు పావుగంట ముందే బయల్దేరతానని సభవాళ్ళకు కబురు పెట్టాడు. వాళ్ళు వేళ మార్చారు.

రోజూ పొద్దున నా కంప్యూటర్‌లో పడే లెక్కలు ఇప్పుడు చూడటానికి దిక్కుమాలినవి. పదిహేడు వందలు. రెండువేల రెండువందలు. రెండువేల తొమ్మిది వందలు. ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. నా మటుకు నేను ఒక్కో అంకెనీ రెండుసార్లు చదువుకున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు పరీక్ష. ఆసుపత్రి వరండాలో ముప్ఫై మీటర్ల దూరానికి అటొక గుర్తు, ఇటొక గుర్తు. ఇంటివాళ్ళు పదిహేనుమందీ గోడవారగా బెంచీల మీద కూర్చున్నారు. ఈ పరీక్షకు ఒక నియమం ఉంది. పక్కన ఎవరూ నడవకూడదు, హుషారు చేయకూడదు, నేను కూడా కాగితంలో రాసి ఉన్న నాలుగు వాక్యాలు తప్ప ఏమీ అనకూడదు. ఐదు నిమిషాలయ్యేసరికి ఆయన పెదాలు తెల్లబడ్డాయి. కాళ్ళెత్తండి పెదనాన్నా అని అరవాలనుంది. "బాగా నడుస్తున్నారు, ఇంకొక్క నిమిషం ఉంది," అని కాగితంలో ఉన్నట్టే చదివాను. నా గొంతు నాకే చెక్కలా వినిపించింది.

గంట కొట్టాక కొలిచాను. మూడువందల నలభై ఆరు.

నాలుగు మీటర్లు. నాలుగు మీటర్లంటే మా వంటింటి పొడుగు. టేపు నా చేతిలోనే ఉంది, పెన్సిలూ నా చేతిలోనే ఉంది. గుర్తు దగ్గర ఆయన తిరిగిన వంపును కాస్త ఉదారంగా కొలిస్తే సరిపోతుంది, అడిగేవాళ్ళు లేరు. ఇంత వయసొచ్చి, ఆయనకు అంత నీతి చెప్పి, ఆ క్షణంలో నాకు ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధమే. మెరెయానా దగ్గరికొచ్చింది. నా మొహం చూసి గ్రహించినట్టుంది. ఒకసారి ఇలాగే ఒకరికి తాను సర్ది రాశానని, ఆ మనిషి లేవలేదని, మెల్లగా చెప్పింది. నేను 346 అని రాశాను.

"ఎంతే?" అన్నాడు లేతోవా.

చెప్పాను. తవీతా బెంచీ మీంచి సగం లేచాడు. ఆ నాలుగూ నేను నడుస్తానని వాడి నోటిదాకా వచ్చిందని నాకు తెలుసు. లేతోవా వాడి వైపు చూశాడు, వాడు కూర్చున్నాడు.

"ఆ నాలుగూ నావి," అన్నాడు. "ఇంకోసారి నడవచ్చా?"

నడవచ్చు. గంట విశ్రాంతి ఇచ్చి రెండోసారి నడిపించి, రెంటిలో ఎక్కువున్నది రాసుకోవచ్చని నియమాల్లోనే ఉంది. అలసిన మనిషి రెండోసారి ఎక్కువ నడుస్తాడని నేననుకోలేదు, మెరెయానా కూడా అనుకోలేదు. ఆయన గంటసేపు కుర్చీలో కళ్ళు మూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, నేను నేర్పినట్టు ఊపిరి తీసి వదిలాడు. నీళ్ళు తాగాడు. చేతికర్ర సీయా పెద్దమ్మకిచ్చాడు. లేచాడు.

ఈసారి తొందరపడలేదు. మొదటి రెండు నిమిషాలు ఒకే వేగం. మూడో నిమిషంలోనూ అదే వేగం. వంతెన వైపు చూసినట్టు అవతలి గుర్తు వైపు చూస్తూ నడిచాడు. పదిహేనుమందిలో ఒక్కరూ కదల్లేదు, దగ్గలేదు. నేను నా నాలుగు వాక్యాలు చదివాను. పదకొండోసారి ఆ ముప్ఫై మీటర్లూ దాటి తిరిగేసరికి ఇంకా ఇరవై ఏడు సెకన్లున్నాయి. గంట కొట్టాను.

మూడువందల యాభై ఏడు. టేపు రెండుసార్లు పట్టాను, రెండోసారి మెరెయానా చేత పట్టించాను. ఆవిడ సంతకం పెట్టి, బుధవారం పొద్దున మొదటి కేసు ఈయనదే అంది. అప్పుడు బెంచీలమీద ఏడుపులూ పాటలూ ఒకేసారి మొదలయ్యాయి. మా వార్డు పెద్ద నర్సొచ్చి అందర్నీ తోటలోకి తరిమింది.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. గడ్డ మొత్తం వచ్చింది. మా పరిశోధన ఏం తేలుస్తుందో ఇంకో రెండేళ్ళకు గానీ తెలియదు. లేతోవా ఒక్కడి వల్ల ఏదీ తేలదు, నేనూ ఆయన్ని చూపించి ఎవరినీ నమ్మించను. ఆయన తిరిగి ఊపిరి తీసుకున్నాడు, అంతే నాకు తెలుసు.

రెండోరోజు పొద్దున ఆయన్ని మంచం దింపాను. ఒక చేతికి సెలైన్ స్టాండు, ఇంకో చేతికి గడియారం. గుమ్మంలో తవీతా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రాలేదు. మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా. కూర్చోగానే పెదనాన్న చెయ్యి నా ముందుకు చాపాడు.

"చదువు," అన్నాడు. "గట్టిగా చదువు, వాడికి వినపడాలి."

"నలభై ఒకటి," అన్నాను.

పద్దెనిమిది వేల అడుగుల లెక్క చూసిన రోజున నేను కూడా అంతలా మురిసిపోలేదు, అలా నవ్వాడు. కాగితం తీసి అంకె వేశాను. ఎవరు నడిచారు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి ఆయన పెన్ను నా చేతిలోంచి తీసుకుని, తన పేరు తానే రాసుకున్నాడు.